పెట్ షాప్ బాయ్స్‌ని ఏ వరసలో వినాలి?

గ్రేటెస్ట్ హిట్స్ ఆల్బం కొనడమంటే పాఠ్యపుస్తకం వదిలేసి గైడు చదివి పాసవడం లాంటిదని ఒక వాదన ఉంది. ఈమధ్య ఒక సంగీత వ్యాసంలో మళ్ళీ కనబడింది. కళాకారుడు వరస ఆలోచించి పేర్చిన ఆల్బములు ఉండగా, కంపెనీవాళ్ళు క్రిస్మస్ అమ్మకాల కోసం కలగలిపిన మూట ఎందుకని. రాక్ బృందాల్లో చాలామంది విషయంలో ఈ మాటకి నేనూ తలూపుతాను. ఇంగ్లండు పాప్ జంట పెట్ షాప్ బాయ్స్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒప్పుకోలేను.

1991 నవంబరులో పార్లోఫోన్ విడుదల చేసిన 'డిస్కాగ్రఫీ: ది కంప్లీట్ సింగిల్స్ కలెక్షన్'లో 18 పాటలున్నాయి. మొత్తం వినడానికి గంటంబావు పడుతుంది. నీల్ టెనంట్, క్రిస్ లో అనే ఈ ఇద్దరూ కలిసి చేసిన రికార్డులన్నిటిలోకీ ముఖ్యమైనది ఇదేనని నా అభిప్రాయం. 'యాక్చువల్లీ' కంటే, 'ఇంట్రోస్పెక్టివ్' కంటే, అందరూ నెత్తిన పెట్టుకునే 'బిహేవియర్' కంటే కూడా. దీని తర్వాత 2003లో 'పాప్‌ఆర్ట్', 2010లో 'అల్టిమేట్', 2023లో 'స్మాష్' వచ్చాయి. ఈ మూడిట్లో రెండిటికి పాటల బలం ఎక్కువే. అయినా కొత్తగా వినేవాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే నేను చూపించేది 1991 నాటి ఈ ఒక్క డిస్కునే. ఆ మాట ఊరికే అనేస్తే సరిపోదు కాబట్టి ఈ వ్యాసం.

సింగిల్ అంటే ఏమిటో తెలిసినవాళ్ళు

టెనంట్ పాటగాడు కాకముందు పాత్రికేయుడు. 'స్మాష్ హిట్స్' పత్రికలో సహాయ సంపాదకుడు. రికార్డు కంపెనీలు పంపే సింగిల్స్ (ఒక్కో పాటగా విడిగా అమ్మే రికార్డులు) విని, ఏది బాగుందో ఏది బాలేదో నాలుగు ముక్కల్లో చెప్పడం ఆ పత్రికలో రోజువారీ పని. లండన్ కింగ్స్ రోడ్‌లో ఒక ఎలక్ట్రానిక్స్ దుకాణంలో 1981 ఆగస్టులో క్రిస్ లో పరిచయమయ్యాడు. అతను బ్లాక్‌పూల్ కుర్రవాడు, లివర్‌పూల్‌లో ఆర్కిటెక్చర్ చదువుతున్నాడు. ఇద్దరికీ కలిసొచ్చిన ఇష్టం డాన్స్ సింగిల్స్. అందులోనూ న్యూయార్క్ నిర్మాత బాబీ ఓర్లాండో చేసినవి.

1983లో 'ది పోలీస్' అనే రాక్ బృందం గురించి రాయడానికి పత్రిక తరఫున న్యూయార్క్ వెళ్ళినప్పుడు టెనంట్ ఆ ఓర్లాండోనే కలిశాడు. ఆ పరిచయంతోనే 1984లో 'వెస్ట్ ఎండ్ గర్ల్స్' మొదటిసారి రికార్డయి, అమెరికా క్లబ్బుల్లో కొంత ఆడింది. ఇంగ్లండులో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత ఓర్లాండో ఒప్పందం నుంచి బయటపడి, పార్లోఫోన్‌లో చేరి, స్టీఫెన్ హేగ్ అనే నిర్మాతతో అదే పాటను మళ్ళీ చేశారు. 1985 అక్టోబరులో విడుదలైన ఈ రెండో రూపం 1986 జనవరిలో బ్రిటన్‌లో, అదే ఏడాది మేలో అమెరికాలో మొదటి స్థానానికి చేరింది.

ఒకే పాట, దాదాపు అవే మాటలు, అదే బాణీ. ఒకటి క్లబ్బు దాటలేదు, రెండోది లోకమంతా తిరిగింది. తేడా ఎక్కడుంది? రెండూ పక్కపక్కన పెట్టి వింటే తెలుస్తుంది. ఓర్లాండో చేసినదాంట్లో డ్రమ్ములు ముందుకు తోసుకొస్తాయి, టెనంట్ మాట్లాడే ధోరణిలో పాడే మాటలకి ఊపిరి తీసుకునే చోటుండదు. హేగ్ నడకని నెమ్మది చేశాడు. పాటకి ముందు స్టూడియో బయటి వీధి చప్పుడు పెట్టాడు. ఆ చప్పుడు లోంచి సింథ్ తీగల మోత లేస్తుంది, దాని కింద బేస్ మెల్లగా నడక మొదలెడుతుంది. గొంతు వచ్చేసరికి వినేవాడు అప్పటికే రాత్రిపూట లండన్ వీధిలో నిలబడి ఉంటాడు. మధ్యలో వచ్చే ట్రంపెట్ నిజం ట్రంపెట్ కాదు, రికార్డు చేసిన ధ్వనుల్ని పలికించే ఎమ్యులేటర్ అనే శాంప్లర్ మీటల మీద వాయించినది. హెలెనా స్ప్రింగ్స్ గొంతు వెనకనుంచి ఆసరా ఇస్తుంది. ఇదంతా నాలుగు నిమిషాల్లో.

వీళ్ళ పని ఈ కొలతలోనే జరిగింది. ఆల్బం కోసం పది పాటలు చేసి అందులోంచి మూడు బయటికి తీసే పద్ధతి వీళ్ళది కాదు. ఒక్కో సింగిల్‌నీ విడిగా మళ్ళీ మిక్స్ చేసి, ఒక్కోసారి మొదటినుంచీ మళ్ళీ రికార్డు చేసి బయటికి పంపారు. 'సబర్బియా' మొదటి ఆల్బం 'ప్లీజ్'లో హేగ్ చేసినది ఒకటి, సింగిల్‌గా జూలియన్ మెండెల్సన్ చేసినది మరొకటి. 'ఆపర్చునిటీస్' 1985 జూలైలో మొదటిసారి వచ్చినప్పుడు బ్రిటన్ అమ్మకాల చార్టులో 116 దగ్గర ఆగిపోయింది. మరుసటి ఏడాది కొత్త మిక్సుతో వస్తే 11కి చేరింది. 'హార్ట్' ఆల్బంలో ఒక తీరు, సింగిల్‌లో ఇంకో తీరు. 'ఆల్వేస్ ఆన్ మై మైండ్' అసలు ఏ ఆల్బం కోసమూ చేసింది కాదు. ఎల్విస్ పోయి పదేళ్ళయిన సందర్భంగా 1987లో ఒక టీవీ కార్యక్రమానికి పాడారు, జనం అడిగారని సింగిల్‌గా వేశారు, ఆ ఏడాది క్రిస్మస్ నంబర్ వన్ అదే అయింది. 1991 నాటి 'వేర్ ద స్ట్రీట్స్ హావ్ నో నేమ్' కూడా ఏ ఆల్బంలోదీ కాదు.

అంటే వీళ్ళ ఆల్బములన్నీ వరసగా కొని విన్నవాడికి కూడా జనం రేడియోలో విన్న అసలు పాటల్లో చాలా భాగం దొరకదు. ఆ రూపాలన్నీ ఒక్కచోట మొదటిసారి చేరింది 'డిస్కాగ్రఫీ'లో. పాఠ్యపుస్తకం, గైడు అనే పోలిక ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే పాఠం ఉన్నది ఇందులోనే.

కోత ఎక్కడ పడింది

పాత తెలుగు పాటలు సేకరించేవాళ్ళకి ఒక సంగతి బాగా తెలుసు. 78 ఆర్‌పీఎం రికార్డు ఒక వైపు మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే పడుతుంది. అందుకని సినిమాలో ఉన్న చరణం రికార్డులో ఉండదు, ఒక్కోసారి సినిమాలో లేని వాద్య ఖండం రికార్డులో ఉంటుంది. ఏది అసలు పాట అని ఇప్పటికీ వాదించుకుంటారు. రికార్డు విని పెరిగినవాళ్ళకి సినిమా రూపం సాగదీసినట్టుంటుంది, సినిమా చూసి పెరిగినవాళ్ళకి రికార్డు రూపం తెగ్గోసినట్టుంటుంది.

ఏడంగుళాల 45 ఆర్‌పీఎం సింగిల్‌కీ అలాంటి కొలతే ఉంది. ఒక వైపు నాలుగు నిమిషాల దాకా హాయిగా పడుతుంది. అయిదు దాటితే గాళ్ళు దగ్గరదగ్గరగా వేయాలి. గాళ్ళ మధ్య చోటు తగ్గితే బేస్ తగ్గించాలి, మొత్తం ధ్వని మట్టం కూడా తగ్గించాలి, లేకపోతే సూది పక్క గాడిలోకి దూకుతుంది. పైగా సూది లోపలికి, లేబుల్ దగ్గరికి పోయేకొద్దీ దాని కింద ప్లాస్టిక్ కదిలే వేగం తగ్గుతుంది. అక్కడ స, ష ధ్వనులు చిరుగుతాయి. టెనంట్ గొంతు సన్నం, ఉచ్చారణ స్పష్టం, సకారాలు పదునుగా పలుకుతాడు. అలాంటి గొంతుకి ఈ చివరి నిమిషమే ప్రమాదం. అయిదు నిమిషాలకి ఒక్క అడుగు ఇవతల ఆగిన 'ఇట్స్ ఎ సిన్' ఈ హద్దు మీదే నడుస్తుంది. సింగిల్‌ని నాలుగు నిమిషాల దగ్గర ఆపడం రేడియోవాళ్ళ ఓపిక కోసమే అనుకుంటారు, ఈ భౌతిక కారణం కూడా ఉంది.

మామూలుగా పాట చిన్నదిగా పుడుతుంది, క్లబ్బు కోసం పన్నెండంగుళాల రికార్డు మీద సాగదీస్తారు. డీజే ఒక పాటలోంచి ఇంకో పాటలోకి జారడానికి వీలుగా మొదట్లో, చివర్లో ఉత్త తాళం ఉంచుతారు. 1988లో వచ్చిన 'ఇంట్రోస్పెక్టివ్' ఈ వరసని తిరగేసింది. అందులో ఆరే పాటలు, అన్నీ పొడుగువే. పొడుగు రూపాన్ని ఆల్బంలో పెట్టి, కురచ రూపాన్ని సింగిల్ చేశారు. 'లెఫ్ట్ టు మై ఓన్ డివైసెస్' ఆల్బంలో ఎనిమిది నిమిషాలు దాటుతుంది, సింగిల్ అయిదు లోపు. 'ఇట్స్ ఆల్‌రైట్' తొమ్మిది దాటుతుంది, సింగిల్ నాలుగుంపావు. 'డామినో డాన్సింగ్' ఏడున్నర పైన, సింగిల్ నాలుగుంపావు. 'ఆల్వేస్ ఆన్ మై మైండ్'కి ఈ ఆల్బంలో మధ్యలో 'ఇన్ మై హౌస్' అనే ముక్క అతికించి తొమ్మిది నిమిషాలు చేశారు, సింగిల్ నాలుగు లోపే.

సగానికి సగం తీసేస్తే పాట మిగులుతుందా? ఈ ప్రశ్న దగ్గర నాకు నిజంగానే రెండు మనసులు. ట్రెవర్ హార్న్, స్టీఫెన్ లిప్సన్ నిర్మించిన 'లెఫ్ట్ టు మై ఓన్ డివైసెస్'లో ఆర్కెస్ట్రా, హౌస్ అనే షికాగో క్లబ్బు సంగీతపు తాళం ఒకదాన్నొకటి తరుముకుంటాయి. పొడుగు రూపంలో ఆ తరుముడికి మైదానం ఉంది. తీగలు మెల్లగా ఎక్కి, తాళం వాటిని మింగి, మళ్ళీ తీగలు పైకొస్తాయి. సింగిల్‌లో ఆ మైదానం గది అంత అయిపోతుంది. కానీ పాటలోని మనిషి రోజంతా ఏం చేశాడో చెప్పుకుంటూ పోయే పద్ధతి, ఒక పని మీద ఇంకో పని పడుతూ పోయే ఆ ధోరణి, చిన్న గదిలోనే ఎక్కువ పదునుగా వినిపిస్తుంది. పొడుగు రూపం నాకు ఇష్టం. 'ఇట్స్ ఆల్‌రైట్' విషయంలో పొడుగు రూపమే గొప్పదని కూడా ఒప్పుకుంటాను, షికాగో హౌస్ పాట సహజంగానే సాగాలి, ఆపితే ఊపు తెగుతుంది. 'డామినో డాన్సింగ్', 'ఆల్వేస్ ఆన్ మై మైండ్' మాత్రం చిన్న రూపంలోనే నిలబడతాయి.

'బీయింగ్ బోరింగ్' లెక్క వేరు. ఆల్బంలో ఆరు నిమిషాల నలభై తొమ్మిది సెకన్లు, సింగిల్‌లో రెండు నిమిషాలు తక్కువ. మ్యూనిక్‌లో హెరాల్డ్ ఫాల్టర్‌మేయర్‌తో, పాత అనలాగ్ సింథ్‌లతో చేసిన రికార్డు అది. గొంతు రాకముందు సాగే నిదానపు ఆరంభం దాని ప్రాణాల్లో ఒకటి, సింగిల్‌లో అది కురచైపోయింది. పాటలో మూడు కాలాలు: 1920ల నాటి ఒక పాత ఆహ్వానం, 1970లలో ఇల్లు వదిలి రైలెక్కిన కుర్రవాడు, 1990లలో చుట్టూ చూసుకుంటే కొందరు లేని లోకం. ఎయిడ్స్‌తో పోయిన స్నేహితుడు ఆ మూడో చరణం వెనక ఉన్నాడు. నిదానం తగ్గినా చరణాల మధ్య ఎడం తగ్గలేదు. అందుకే చిన్న రూపంలోనూ పాట బతికింది. కోసినవాడికి ఏది ముట్టుకోకూడదో తెలుసు.

ఒక వరసలో ఉండే కథ

'డిస్కాగ్రఫీ'లో పాటలు విడుదలైన కాలక్రమంలో ఉంటాయి. వినడానికి ఇది సోమరి పద్ధతి లాగే ఉంటుంది. తేదీల ప్రకారం పెట్టడానికి ఎవరి ఆలోచనా అక్కర్లేదు కదా. కానీ బ్రిటన్ చార్టులో ఒక్కో పాట ఎంత దూరం వెళ్ళిందో పక్కన రాసుకుని వినండి: 1, 19, 11, 8, 1, 2, 8, 1, 1, 7, 4, 5, 4, 20, 4, 12, 13, 24. మొదటి పాటతోనే శిఖరం, వెంటనే జారుడు, మెల్లగా ఎక్కడం, అయిదో పాట 'ఇట్స్ ఎ సిన్' నుంచి తొమ్మిదో పాట 'హార్ట్' దాకా దాదాపు ఎదురులేని ఏడాది, ఆ తర్వాత ఒక మెట్టు కిందికి, చివర్లో ఇంకా కిందికి.

ఈ మధ్య అందరూ వాడే 'ఇంపీరియల్ ఫేజ్' అనే మాట పుట్టింది ఇక్కడే. ఏది పట్టినా బంగారమయ్యే కాలానికి టెనంట్ పెట్టిన పేరు అది, తమ గురించే. మయామిలో లూయిస్ మార్టినేతో చేసిన 'డామినో డాన్సింగ్' 1988 సెప్టెంబరులో చార్టులోకి తొమ్మిదో స్థానంలో వచ్చిందని విన్నప్పుడే తమ సామ్రాజ్యం ముగిసిందని అర్థమైందని అతనే చెప్పాడు. చివరికి ఆ పాట ఏడు దాకా వెళ్ళింది. ఇంకొకరికైతే ఏడో స్థానం పండగ. చార్టుల పత్రికలో పనిచేసినవాడికి మాత్రం అంకె ఏం చెబుతోందో ముందే తెలిసిపోయింది.

డిస్కులో ఇది సరిగ్గా పదో పాట. 'హార్ట్' సంబరం ముగిసి, లాటిన్ తాళం మొదలవుతుంది. ఆ మలుపు దగ్గర నుంచి సంగీతం మారుతుంది, అది అంకెల కంటే ముఖ్యం. ముందు తొమ్మిది పాటలు పోటీలో నెగ్గడానికి చేసినవి: డబ్బు, పాపం, అద్దె, ఆశ. తర్వాతి తొమ్మిదీ ఏం పోయిందో లెక్కచూసుకునేవి. 'సో హార్డ్'లో ఒకరినొకరు మోసం చేసుకునే జంట, 'బీయింగ్ బోరింగ్'లో పోయిన స్నేహితులు, 'జెలసీ'లో ఎదురుచూపు. 'జెలసీ' నిజానికి వాళ్ళు తొలిరోజుల్లో కట్టిన పాట, దాన్ని అన్నేళ్ళు దాచి 1991లో సింగిల్ చేశారు. కుర్రతనంలో కట్టిన బాణీ పెద్దతనపు గొంతులో వినబడుతుంది. కాలక్రమంలో కాక ఇంకెలా పేర్చినా ఈ సంగతి తెలిసేది కాదు.

ఇక 'పాప్‌ఆర్ట్' సంగతి. 35 పాటలు, అందులో రెండు కొత్తవి. వీటిని కాలక్రమంలో పెట్టకుండా రెండు డిస్కులుగా విడగొట్టారు: ఒకటి 'పాప్', ఇంకోటి 'ఆర్ట్'. 'గో వెస్ట్'తో మొదటిది మొదలవుతుంది, 'లెఫ్ట్ టు మై ఓన్ డివైసెస్'తో రెండోది. 'వెస్ట్ ఎండ్ గర్ల్స్' ఎక్కడుందో తెలుసా? రెండో డిస్కులో ఆరో పాట. 'ఇట్స్ ఎ సిన్' పాప్ అట, 'ఆపర్చునిటీస్' ఆర్ట్ అట. న్యూకాజిల్‌లో కేథలిక్ బడిలో చదివిన మనిషి ప్రార్థన పాఠం పెట్టి, మీటల మీద చర్చి గంభీరం తెచ్చి, చివర్లో లాటిన్ పశ్చాత్తాపం వల్లించిన పాట ఉత్త పాప్ అయితే, డబ్బు చేసుకుందాం రా అనే పాట ఏ లెక్కన కళ? ఈ విభజన చేసింది వాళ్ళే కావచ్చు. అయినా వాళ్ళ పదేళ్ళ పనికి ఇది అడ్డం వచ్చింది. చార్టులోకి ఎక్కే పాటలోనే తెలివీ దుఃఖమూ పెట్టొచ్చని, దానికి వేరే గది అక్కర్లేదని 'వాట్ హావ్ ఐ డన్ టు డిజర్వ్ దిస్'తో చూపించింది వీళ్ళే కదా. అప్పటికి జనం మరిచిపోతున్న డస్టీ స్ప్రింగ్‌ఫీల్డ్‌ని పట్టుబట్టి తెచ్చి, ఆమె గొంతుని రెండో స్థానం దాకా తీసుకెళ్ళిన పాట అది.

'అల్టిమేట్' గురించి చెప్పుకోవడానికి పెద్దగా లేదు. పద్దెనిమిది పాతవి, ఒక కొత్తది, బహుమతిగా ఇవ్వడానికి సరిపోతుంది.

ఎదురు వాదనలు

నా మాటకి ఎదురు వాదనల్లో బలమైనది ఈ సంకలనం పేరులోనే ఉంది. 'కంప్లీట్' అన్నారు, కానీ పూర్తిగా లేదు. 'హౌ కెన్ యూ ఎక్స్‌పెక్ట్ టు బి టేకెన్ సీరియస్‌లీ?' ఇందులో లేదు. బ్రిటన్‌లో అది 'వేర్ ద స్ట్రీట్స్'తో కలిసి రెండు వైపులా ముఖ్యమైన సింగిల్‌గా వచ్చింది. అందులో ఒక వైపు తీసుకుని ఇంకో వైపు వదిలేశారు. నాకు ఇది నచ్చదు. పైగా ఆ రెండు పాటలూ ఒకే మాట చెబుతాయి. రాక్ తారల గంభీరాన్ని ఒకటి మాటలతో నిలదీస్తుంది. రెండోది రాక్ బృందం యూ2 పాటకి సీక్వెన్సర్ యంత్రపు తాళం తొడిగి, దాని నడుం మీంచి 'కాంట్ టేక్ మై ఐస్ ఆఫ్ యూ'లోకి జారి, అదే పని చేతల్లో చేస్తుంది. ఒకటి లేకపోతే రెండోదాని పదును సగమే తెలుస్తుంది.

'గో వెస్ట్' లేదు కదా అని ఇంకొకరు అడుగుతారు. ఆ పాట ఉన్న, 1993లో వచ్చిన 'వెరీ' బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరిన వాళ్ళ ఏకైక ఆల్బం. దానికి రెండేళ్ళ ముందే ఆగిపోయిన సంకలనం గొప్పదెలా అవుతుంది? ఈ ప్రశ్నకి నా జవాబు సూటిగా ఉంది: ఆగిపోయింది కాబట్టే. 1991లో వాళ్ళ ముందు 'వెరీ' లేదు. కిందికి పోతున్న అంకెలున్నాయి, చేసిన పదేళ్ళ పని ఉంది. అప్పుడు ఈ సంకలనం కోసమే రెండు కొత్త పాటలు చేశారు, 'డీజే కల్చర్', 'వాజ్ ఇట్ వర్త్ ఇట్?'. రెండోదాని పేరు ఒక ప్రశ్న: ఇదంతా చేసినందుకు తగిన ఫలం దక్కిందా? పాట లోపల జవాబు అవును అనే. తర్వాత సింగిల్‌గా వచ్చి 24వ స్థానంలో ఆగిన ఆ పాటే డిస్కు ముగింపు. 'పాప్‌ఆర్ట్'లో దానికి చోటే దొరకలేదు. హిట్టవుతుందో లేదో తెలియని అలాంటి ప్రశ్నతో హిట్ల సంకలనం ముగించే తెగువ నాకు ఇంకెక్కడా కనబడలేదు.

'స్మాష్' మీద నాకు కోపం లేదు. 1985 నుంచి 2020 దాకా 55 పాటలు, అవి కూడా కాలక్రమంలోనే. కావలసిన పాట వెతుక్కోవడానికి దానికి మించింది లేదు. కానీ మూడు డిస్కులు, మూడు గంటలు దాటుతుంది. ఎవరూ ఒక్క బిగిని వినరు. ఒక్క బిగిని వినకపోతే నేను పైన చెప్పిన ఎక్కుడూ దిగుడూ తెలియదు.

నన్ను కొంచెం ఇబ్బంది పెట్టే వాదన వేరే ఉంది: సింగిల్ అంటే రెండు వైపులు. వీళ్ళు రెండో వైపుకి పనికిమాలిన పాట ఎప్పుడూ వేయలేదు. 1995లో ఆ రెండో వైపు పాటలు 30 కలిపి 'ఆల్టర్నేటివ్' అని రెండు డిస్కులు వేస్తే, చాలా బృందాల మొదటి వైపు పాటల కంటే బాగున్నాయి. సింగిలే అసలు రూపం అని వాదించేవాడు సగం సింగిల్‌నే చూపిస్తున్నాడని ఎవరైనా అంటే నా దగ్గర పూర్తి సమాధానం లేదు. 'డిస్కాగ్రఫీ' వినగానే 'ఆల్టర్నేటివ్' తీయమని మాత్రం చెబుతాను.

వినేటప్పుడు ఏం తప్పుతుంది

ఆన్‌లైన్‌లో ఈ 18 పేర్లు వెతికి ప్లేలిస్టు కట్టుకుంటే వచ్చే మొదటి ఇబ్బంది, పేరు ఒకటే, పాట వేరు. వెతకగానే పైకొచ్చేది చాలాసార్లు ఆల్బం రూపం. నిడివి చూసి పట్టుకోవాలి. 'రెంట్' అయిదు నిమిషాలు దాటితే అది 'యాక్చువల్లీ' రూపం, సింగిల్ మూడున్నర. 'సబర్బియా' అయిదు దాటితే 'ప్లీజ్' రూపం, సింగిల్ నాలుగు. 'బీయింగ్ బోరింగ్' ఏడుకి దగ్గరగా ఉంటే 'బిహేవియర్' రూపం. 'ఇంట్రోస్పెక్టివ్' పాటలు నాలుగూ పొడుగు చూడగానే తెలిసిపోతాయి. 'వెస్ట్ ఎండ్ గర్ల్స్'కి నిడివి కంటే ఆరంభం గుర్తు: వీధి చప్పుడు లేకుండా నేరుగా డ్రమ్ములతో దూకితే అది బాబీ ఓర్లాండోది కావచ్చు.

రెండో ఇబ్బంది క్రాస్‌ఫేడ్. ఒక పాట చివర ఇంకో పాట మొదలు కలిపేసే ఆ అమరికని ఆపెయ్యాలి. ఈ పాటల్లో కొన్ని చప్పుడుతో, నిదానంగా మొదలవుతాయి. క్రాస్‌ఫేడ్ ఉంటే 'ఇట్స్ ఎ సిన్' ఆరంభం 'సబర్బియా' తోకలో కలిసిపోతుంది.

మూడోది ధ్వని మట్టం. 1990ల చివర నుంచి సీడీలని గట్టిగా వినబడేలా తయారుచేయడం అలవాటైంది. పాత సీడీ పక్కన కొత్తది పెడితే కొత్తదే బాగున్నట్టు అనిపిస్తుంది, ఎందుకంటే మన చెవి గట్టిగా ఉన్నదాన్నే మంచిదనుకుంటుంది. పోల్చాలనుకుంటే ముందు రెండిటి వాల్యూమూ సమానం చేయాలి. 'వెస్ట్ ఎండ్ గర్ల్స్'లో గొంతు మాత్రమే తీసుకుని, అది రెండిట్లోనూ ఒకే ఎత్తులో వినబడేదాకా నాబ్ తిప్పండి. అప్పుడు డ్రమ్ము దెబ్బ దేంట్లో ఎక్కువ ఎగిరి తగులుతోందో వినండి.

సీడీని కంప్యూటర్లోకి ఎక్కించుకునేవాళ్ళు రీప్లేగెయిన్ (ధ్వని మట్టాలని సమం చేసే అమరిక) వాడితే పాటకి ఒక లెక్క కాకుండా ఆల్బం మొత్తానికి ఒకే లెక్క పెట్టుకోవాలి. పాటపాటకీ సమానం చేస్తే 'జెలసీ' మెత్తదనం 'హార్ట్' ఎత్తుకి లేస్తుంది, వరసలో ఉన్న ఎగుడుదిగుళ్ళు చదునైపోతాయి.

ఇక వదిలేసిన ఆ ఒక్క పాట, 'హౌ కెన్ యూ ఎక్స్‌పెక్ట్ టు బి టేకెన్ సీరియస్‌లీ?'. దాన్ని ఎక్కడ పెట్టాలన్నది తేలికే, రెండు వైపుల సింగిల్ కాబట్టి 'వేర్ ద స్ట్రీట్స్' పక్కనే, 16వ పాటగా. 'జెలసీ' 17 అవుతుంది, 'వాజ్ ఇట్ వర్త్ ఇట్?' 19. ఆ పాట దాదాపు నాలుగు నిమిషాలు, ఉన్నవి సుమారు 76. కలిపితే 80 అంచుకి చేరుతుంది. మొదట్లో సీడీకి అనుకున్న కొలత 74 నిమిషాలు. 1991లో ఈ డిస్కు అప్పటికే ఆ గీత దాటి ఉంది. అందుకే వదిలేశారని నేను అనను. ఇప్పుడు 80 నిమిషాల ఖాళీ సీడీ మీద రాసుకోబోయేవాళ్ళు మాత్రం పాటల మధ్య రెండేసి సెకన్ల ఖాళీ వద్దని పెట్టుకోండి, 19 పాటలకి ఆ ఖాళీయే అర నిమిషం పైన తినేస్తుంది, చివరి పాట తోక తెగుతుంది.